స్కోలియోసిస్: వెన్నెముక వంగిందని టీనేజ్ పిల్లలు స్నేహితులకు చెప్పాలా? చెబితే ఎలా చెప్పాలి?

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. వెన్నెముక పక్కకు వంగిందని ఎక్స్‌రేలో తేలింది. రోజుకు 18 గంటలు బ్రేస్ వేసుకోవాలని డాక్టర్ చెప్పారు. ఉదయం ఏడున్నరకు స్కూల్ బస్సు వస్తుంది. స్కూల్ నుంచి అటే ట్యూషన్‌కు వెళ్లి, ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది. బ్రేస్ సంగతి స్నేహితులకు తెలియకూడదని ఆమె అనుకుంటే, ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే వేసుకోవాలి. స్నానం, తయారవడం తీసేస్తే మిగిలేది పది గంటలు.

డాక్టర్ చెప్పిన 18 గంటలకు, ఆమెకు దొరికే 10 గంటలకు మధ్య 8 గంటల తేడా ఉంది. స్నేహితులకు తెలిస్తే ఏమవుతుందోనన్న భయం వల్ల వచ్చిన తేడా అది. కాబట్టి, 'స్నేహితులకు చెప్పాలా, వద్దా' అనేదాన్ని పిల్లల మనసుకు సంబంధించిన చిన్న విషయంగా పక్కన పెట్టలేం. బ్రేస్ దశలో ఉన్నవారికి అది చికిత్సలో భాగం.

స్కోలియోసిస్ అంటే ఏమిటి? ఎవరికి వస్తుంది? బ్రేస్ ఎన్ని గంటలు వేసుకుంటే పనిచేస్తుంది? స్నేహితులకు ఎంతవరకు చెప్పాలి? విన్న స్నేహితులు ఎలా ఉండాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

స్కోలియోసిస్ అంటే ఏమిటి?

వెనుక నుంచి చూస్తే వెన్నెముక నిట్టనిలువుగా ఉండాలి. అది పక్కకు వంగి, ఆ వంపుతో పాటు కాస్త మెలి కూడా తిరిగితే స్కోలియోసిస్ అంటారు. ఎక్స్‌రే మీద గీతలు గీసి వంపు ఎన్ని డిగ్రీలు ఉందో కొలుస్తారు. దీన్ని 'కాబ్ కోణం' అంటారు. అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ జాన్ కాబ్ 1948లో ఈ పద్ధతిని వివరించారు. కోణం 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే స్కోలియోసిస్‌గా లెక్కిస్తారు.

తెలుగులో వెన్ను వంకర అనగానే చాలామందికి 'గూని' అనే మాటే గుర్తొస్తుంది. కానీ గూని అంటే వీపు ముందుకు వంగి పైభాగం ఉబ్బెత్తుగా కనిపించడం. వైద్యంలో దాన్ని కైఫోసిస్ అంటారు. స్కోలియోసిస్‌లో వంపు పక్కకు ఉంటుంది. రెండూ ఒకటి కావు. స్నేహితులకు చెప్పేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

టీనేజ్‌లో కనిపించే స్కోలియోసిస్‌లో దాదాపు 80 శాతం కేసులకు కచ్చితమైన కారణం ఇదీ అని తేల్చలేరు. వీటిని ఇడియోపతిక్ అంటారు. కుటుంబంలో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ. బరువైన స్కూల్ బ్యాగు మోయడం వల్లో, వంగి కూర్చోవడం వల్లో, పడుకునే తీరు వల్లో ఇది రాదు. బరువు మోస్తే నడుం నొప్పి రావచ్చేమో గానీ, ఈ వంపునకు అది కారణం కాదు. ఇది పిల్లల తప్పు కాదు, తల్లిదండ్రుల తప్పూ కాదు.

10 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సుమారు 2 నుంచి 3 శాతం మందిలో 10 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ వంపు ఉంటుందని అంచనా. వారిలో చికిత్స అవసరమయ్యేది దాదాపు పదో వంతు మందికే. చిన్న వంపులు అబ్బాయిల్లో, అమ్మాయిల్లో ఇంచుమించు సమానంగానే కనిపిస్తాయి. చికిత్స అవసరమయ్యేంతగా పెరిగే వంపులు మాత్రం అమ్మాయిల్లో చాలా ఎక్కువ.

ఇంట్లో ఎలా గుర్తించవచ్చు?

ఒక భుజం కాస్త ఎత్తుగా ఉండటం, ఒక వైపు రెక్క ఎముక బయటకు పొడుచుకొచ్చినట్లు కనిపించడం, నడుం ఒంపు రెండు వైపులా ఒకేలా లేకపోవడం, కుర్తా అంచు ఒక వైపు పైకి లేచి ఉండటం వంటివి తొలి గుర్తులు.

అనుమానం వస్తే ఒక సులువైన పరీక్ష ఉంది. పిల్లలు పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులూ జోడించి ముందుకు వంగాలి. వెనుక నుంచి చూసినప్పుడు వీపు ఒక వైపు ఎత్తుగా లేస్తే డాక్టర్‌కు చూపించాలి. లండన్ సర్జన్ విలియం ఆడమ్స్ 1865లో వివరించిన పరీక్ష ఇది. ఇప్పటికీ వాడుతున్నారు.

అయితే, ఇది తరచూ ఆలస్యంగా బయటపడుతుంది. మొదట్లో నొప్పి ఉండకపోవడం ఒక కారణం. వయసు రెండో కారణం. చిన్నప్పుడు తలంటు పోసేటప్పుడు అమ్మ చూసే వీపును, పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక ఇంట్లో ఎవరూ చూడరు. సరిగ్గా అప్పుడే ఎత్తు వేగంగా పెరుగుతుంది, వంపు కూడా వేగంగా పెరిగేది అప్పుడే. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో చూడాల్సిన 30 సమస్యల జాబితాలోనూ స్కోలియోసిస్ పేరు విడిగా లేదు.

చికిత్సలో మూడు దశలు

వంపు 25 డిగ్రీల లోపు ఉంటే సాధారణంగా కొన్ని నెలలకోసారి పరీక్షించి, పెరుగుతోందా లేదా అని గమనిస్తారు. ఇంకా ఎదిగే వయసులో ఉండి, వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బ్రేస్ సూచిస్తారు. బ్రేస్ ఉద్దేశం వంపును పూర్తిగా సరిచేయడం కాదు, ఎదుగుదల ఆగేవరకు అది పెరగకుండా ఆపడం. వంపు 45 నుంచి 50 డిగ్రీలు దాటితే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. ఇందులో వెన్నుపూసలకు స్క్రూలు, కడ్డీలు బిగించి, ఆ భాగం ఒకే ఎముకలా అతుక్కునేలా చేస్తారు.

స్నేహితులకు చెప్పే విషయం కూడా ఈ దశను బట్టే మారుతుంది. గమనించే దశలో ఉన్నవారు ఎవరికీ చెప్పకపోయినా చికిత్సకు నష్టం లేదు. శస్త్రచికిత్స అయితే కొన్ని వారాలు స్కూల్‌కు వెళ్లరు కాబట్టి, ఏదో ఒకటి చెప్పక తప్పదు. చెప్పాలా, దాచాలా అనే చిక్కు అంతా మధ్యలో ఉన్న బ్రేస్ దశలోనే.

గంటల లెక్క ఏం చెబుతోంది?

బ్రేస్ నిజంగా పనిచేస్తుందా అనే సందేహం వైద్యుల్లో చాలాకాలం ఉండేది. అమెరికా, కెనడాల్లోని 25 కేంద్రాల్లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ వైన్‌స్టీన్ బృందం దీనికి నాయకత్వం వహించింది. 10 నుంచి 15 ఏళ్ల వయసున్న 242 మందిని విశ్లేషించగా, బ్రేస్ వాడినవారిలో 72 శాతం మందికి ఎదుగుదల ముగిసేసరికి వంపు 50 డిగ్రీలకు చేరలేదు. బ్రేస్ లేకుండా గమనించినవారిలో ఇది 48 శాతం.

బ్రేస్‌లో వేడిని గుర్తించే చిన్న సెన్సర్ పెట్టి, నిజంగా ఎన్ని గంటలు వేసుకున్నారో కూడా ఈ పరిశోధనలో లెక్కించారు. రోజుకు కనీసం 18 గంటలు వేసుకోవాలని చెప్పినా, మొదటి ఆరు నెలల సగటు 12 గంటల దగ్గరే ఉంది. రోజుకు సుమారు 13 గంటలకు మించి వేసుకున్నవారిలో 90 శాతానికి పైగా మంచి ఫలితం వచ్చింది. ఆరు గంటల లోపు వేసుకున్నవారిలో ఫలితం బ్రేస్ లేనివారి కంటే మెరుగ్గా లేదు.

ఇప్పుడు మొదట చెప్పుకున్న అమ్మాయి పది గంటల లెక్కకు రండి. ఆమె స్కూల్‌లో ఉండే సమయంలో సగమైనా బ్రేస్ వేసుకుంటే 13 గంటల గీత దాటుతుంది. దాచాలనుకుంటే దాటడం కష్టం. వంపు పెరిగి ఆపరేషన్ దాకా వెళితే, దాచాలనుకున్న విషయం ఇంకా పెద్దదవుతుంది.

దాచే వీలు ఎప్పుడు వచ్చింది?

1940లలో అమెరికాలో రూపొందిన మిల్వాకీ బ్రేస్‌ను దాచడం సాధ్యమయ్యేది కాదు. నడుం నుంచి పైకి లేచే లోహపు పట్టీలు, మెడ చుట్టూ ఒక వలయం ఉండేవి. అమెరికా రచయిత్రి జూడీ బ్లూమ్ 1973లో రాసిన 'డీనీ' నవలలో 13 ఏళ్ల అమ్మాయికి వేసేది ఈ బ్రేసే. కూతుర్ని మోడల్‌ను చేయాలని తల్లి కలలు కంటున్న సమయంలో ఆ అమ్మాయికి స్కోలియోసిస్ ఉందని తేలుతుంది.

1970లలో బోస్టన్ బ్రేస్ వచ్చాక పరిస్థితి మారింది. చంక కింద నుంచి తుంటి వరకు ఉండే ఈ ప్లాస్టిక్ బ్రేస్‌ను వదులైన దుస్తుల కింద వేసుకోవచ్చు. నేడు టీనేజ్ పిల్లలకు ఎక్కువగా ఇచ్చేవి ఈ తరహావే. అంటే, ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఎంచుకునే అవకాశం పిల్లల చేతికి వచ్చింది. దాంతో పాటే, ఎవరైనా భుజం మీద చేయి వేసినా, పక్కన ఆనుకుని కూర్చున్నా తెలిసిపోతుందేమోనన్న భయమూ వచ్చింది. బ్రేస్ గట్టిగా ఉంటుంది, తగిలితే చప్పుడవుతుంది. తరగతిలో పెన్ను కింద పడితే మామూలుగా వంగి తీసుకోవడం కుదరదు. పూర్తిగా దాచడం ఎంతోకాలం సాగదు.

మన దగ్గర 'ఎవరికీ చెప్పకు' అని ఎందుకంటారు?

తెలుగు ఇళ్లలో ఈ మాట తరచూ పెద్దల నుంచే మొదలవుతుంది. 'రేపు పెళ్లి సంబంధాలకు ఇబ్బంది అవుతుంది' అనేది దాని వెనుక ఉన్న భయం. ఎత్తు వేగంగా పెరిగే ఈ వయసులోనే కొన్ని కుటుంబాల్లో ఓణీల వేడుక కూడా వస్తుంది. వీపు కనిపించే జాకెట్టు, ఫొటోలు, వచ్చిన బంధువుల చూపులు అన్నీ ఒకేసారి ఎదురవుతాయి.

మనం విని పెరిగిన కథల ప్రభావం కూడా తక్కువేం కాదు. రామాయణంలో మంథర గూనిది, కుట్ర పన్నేది. భాగవతంలో కుబ్జ వంకరను కృష్ణుడు ఒక్క క్షణంలో సరిచేస్తాడు. వంకర ఉంటే చెడ్డతనానికి గుర్తు, లేదంటే మహిమతో మాయమైపోవాల్సినది. నెలల తరబడి, ఏళ్ల తరబడి బ్రేస్ వేసుకుని మామూలుగా చదువుకునే మనిషికి ఆ కథల్లో చోటు లేదు.

పెద్దల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ 'ఎవరికీ చెప్పకు' అన్న మాట పిల్లలకు 'ఇది సిగ్గుపడాల్సిన విషయం' అని వినిపిస్తుంది. దానికి బదులు 'ఎవరికి చెప్పాలో నువ్వే నిర్ణయించుకో, నువ్వు చెప్పేవరకు మేమూ చెప్పం' అనడం మేలు. పిల్లలకు తెలియకుండా బంధువులకో, వారి స్నేహితుల తల్లులకో చెప్పడం కూడా సరికాదు.

దీర్ఘకాలంలో ఏమవుతుందనే దానికి కూడా కొంత ఆధారం ఉంది. చికిత్స తీసుకోని 117 మందిని దాదాపు 50 ఏళ్ల తర్వాత పరీక్షించిన అయోవా అధ్యయనం 2003లో జామా పత్రికలో వెలువడింది. వారిలో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్నవారు 61 శాతం. స్కోలియోసిస్ లేనివారిలో 35 శాతం. తమ రూపం పట్ల అసంతృప్తి ఉన్నవారూ ఉన్నారు. అయినా ఎక్కువమంది రోజువారీ పనులు చేసుకుంటూ మామూలు జీవితమే గడిపారు.

ఎవరికి, ఎంత చెప్పాలి?

మొదట ఒక్కరికి చెప్పడం తేలిక. తరగతిలో అందరికంటే సరదాగా ఉండే వ్యక్తికి కాకుండా, ఇంతకుముందు చెప్పిన మాటను దాచిన వ్యక్తికి చెప్పడం మంచిది. దీనివల్ల ఒక ఉపయోగం కూడా ఉంది. బోస్టన్ తరహా బ్రేస్‌ల పట్టీలు సాధారణంగా వీపు వైపు ఉంటాయి. ఆటల పీరియడ్ కోసం విప్పితే, మళ్లీ సరైన బిగువుతో కట్టుకోవడం ఒంటరిగా కష్టం. తెలిసిన స్నేహితురాలు ఒకరుంటే రెండు నిమిషాల పని.

ఎక్కువ వివరం అక్కర్లేదు. ఏమిటి, ఎందుకు, ఎంతకాలం, నువ్వేం చేయాలి అనే నాలుగు విషయాలు చాలు. ఉదాహరణకు ఇలా చెప్పవచ్చు:

"నా వెన్నెముక కొంచెం పక్కకు వంగిందే. స్కోలియోసిస్ అంటారు. అది ఇంకా పెరగకుండా ఈ బ్రేస్ వేసుకోవాలి. నా ఎత్తు పెరగడం ఆగేదాకా ఉంటుంది. ఇంకెవరికైనా చెప్పాలనిపిస్తే నేనే చెప్తా, నువ్వు చెప్పకు."

సమయం కూడా ముఖ్యమే. బ్రేస్‌తో మొదటిసారి స్కూల్‌కు వెళ్లే ఉదయం, బస్సులో అందరి ముందూ చెప్పడం కష్టం. అంతకుముందు సెలవు రోజున ఇంటికి పిలిచి చూపిస్తే, తొలి ఆశ్చర్యం అక్కడే తీరిపోతుంది. ఎదురుగా చెప్పలేనివారు మెసేజ్ పెట్టవచ్చు. అయితే ఎక్స్‌రేలు, బ్రేస్ ఫొటోలు గ్రూపుల్లో పెట్టే ముందు ఆలోచించాలి. ఒకసారి పంపాక అవి ఎక్కడికి వెళ్తాయో మన చేతిలో ఉండదు.

క్లాస్ టీచర్‌కు, పీఈటీకి తల్లిదండ్రులే ముందుగా చెప్పడం మంచిది. బ్రేస్ విప్పి పెట్టుకునే చోటు, మధ్యలో లేచి నిలబడే వీలు, చెమటకు తడిసిన లోపలి బనియన్ మార్చుకునే సమయం వంటివి వారు చూడగలరు. ఏప్రిల్ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

స్నేహితులు అడిగే ప్రశ్నలు, సూటిగా జవాబులు

'అంటుకుంటుందా?' అంటుకోదు.

'నొప్పిగా ఉంటుందా?' చాలామందికి పెద్దగా నొప్పి ఉండదు, కొందరికి నడుం నొప్పి ఉంటుంది. కొత్తలో బ్రేస్ ఒత్తుకుంటుంది, కొన్ని వారాల్లో అలవాటవుతుంది. నొప్పి తీవ్రంగా ఉన్నా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

'ఆటలు ఆడొచ్చా?' ఆడొచ్చు. చాలామంది డాక్టర్లు ఆటల సమయంలో బ్రేస్ విప్పనిస్తారు. ఒలింపిక్స్‌లో ఎనిమిది స్వర్ణాలు గెలిచిన ఉసేన్ బోల్ట్‌కు కూడా స్కోలియోసిస్ ఉంది. ఆ సంగతి ఆయనే చెప్పారు.

'నిటారుగా కూర్చుంటే సరిపోదా?' సరిపోదు. ఇది కూర్చునే అలవాటుకు సంబంధించింది కాదు.

'పెళ్లి, పిల్లలు?' పదమూడేళ్ల పిల్లలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరం లేదు. పెద్దల కోసం చెప్పాలంటే, టీనేజ్‌లో వచ్చే స్కోలియోసిస్ సాధారణంగా గర్భధారణకు అడ్డంకి కాదు.

విన్న స్నేహితులు ఏం చేయాలి?

'అయ్యో పాపం' అనడం, 'అసలేం కనిపించడం లేదులే' అని కొట్టిపారేయడం రెండూ చెప్పినవారిని మళ్లీ మౌనంలోకి నెడతాయి. మొదటిది జాలి, రెండోది వారి కష్టాన్ని లేదనడం. 'నేనేం చేయాలి?' అని అడిగితే చాలు. అడగకుండా బ్రేస్‌ను తట్టి చూడకూడదు. 'గూని', 'రోబో' లాంటి పేర్లు పెట్టకూడదు. ఆట ఎంచుకునేటప్పుడు 'తనకు వద్దులే' అని వారి తరఫున నిర్ణయించకూడదు. బ్యాగు కింద నుంచి తీసి ఇవ్వడం, పట్టీ బిగించడం లాంటి చిన్న పనులే అసలు సాయం.

ఎగతాళి ఆగకపోతే టీచర్‌కు, ఇంట్లో చెప్పాలి. పిల్లలు బ్రేస్ మాటెత్తితేనే ఏడ్వడం, స్కూల్‌కు వెళ్లనని మొండికేయడం, ఎవరితోనూ కలవకపోవడం కొన్ని వారాలు కొనసాగితే మానసిక నిపుణుల సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

హాస్టళ్లలో, పరీక్ష హాళ్లలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గురుకులాల్లో, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో ఉండి చదివే టీనేజ్ పిల్లలు చాలామంది. ఒకే గదిలో పడుకునేవారి దగ్గర బ్రేస్ దాచడం కుదరదు. దాచాలనుకుంటే రాత్రి గంటలు కూడా పోతాయి. హాస్టల్‌లో చేర్చే ముందే వార్డెన్‌కు డాక్టర్ లేఖ ఇచ్చి, గదిలో ఉండేవారికి మొదటి రోజే చెప్పేలా పిల్లలను సిద్ధం చేయాలి.

నీట్, ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షల్లో లోపలికి పంపే ముందు తనిఖీ చేస్తారు. బ్రేస్‌కు లోహపు భాగాలు ఉండొచ్చు. డాక్టర్ ఇచ్చిన లేఖ వెంట ఉంచుకుని, ఆ ఏడాది నిబంధనలు చూసుకుని, కేంద్రానికి ముందుగా వెళ్లడం మంచిది.

చెప్పినవారు ఏం చేశారు?

అమెరికాలో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో లియా స్టోల్ట్జ్ అనే అమ్మాయికి 11 ఏళ్లప్పుడు స్కోలియోసిస్ ఉందని తేలింది. తనలాంటి అమ్మాయిలు కలిసి మాట్లాడుకునేందుకు ఆమె టీనేజ్‌లోనే, 2006లో తన ఇంట్లో ఒక చిన్న బృందాన్ని ప్రారంభించారు. 'కర్వీ గర్ల్స్' పేరుతో అది ఇతర దేశాలకూ విస్తరించింది. స్నేహితులకు చెప్పే ముందు, అదే దారిలో నడిచినవారితో ఒకసారి మాట్లాడితే మాటలు దొరుకుతాయన్నది ఈ బృందం వెనుక ఉన్న ఆలోచన. మన దగ్గర అలాంటి బృందం అందుబాటులో లేకపోతే, చికిత్స చేస్తున్న డాక్టర్‌నే అడగవచ్చు. బ్రేస్ కాలం పూర్తి చేసుకున్నవారు, మాట్లాడటానికి ఇష్టపడేవారు వారికి తెలిసి ఉండొచ్చు.

బ్రిటన్ రాజకుటుంబానికి చెందిన యూజనీకి 2002లో, 12 ఏళ్ల వయసులో వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగింది. 2018 అక్టోబర్ 12న తన పెళ్లికి ఆమె వీపు కనిపించేలా కుట్టిన గౌను వేసుకున్నారు. మేలిముసుగు కూడా వేసుకోలేదు. వీపు మీది మచ్చ అందరికీ కనిపించాలనే అలా కుట్టించుకున్నారు.

అందరూ అంత బాహాటంగా చెప్పాల్సిన అవసరం లేదు. శస్త్రచికిత్స జరిగిన 16 ఏళ్లకు గానీ ఆమె ఆ గౌను వేసుకోలేదు. బ్రేస్ వేసుకునే పిల్లలకు అంత సమయం లేదు, ఎముకలు ఎదిగే ఆ కొన్నేళ్లే ఉన్నాయి. ఒక్క స్నేహితురాలికి, ఒక్క స్నేహితుడికి చెబితే స్కూల్ గంటలు తిరిగి చేతికొస్తాయి. మిగతావారికి చెప్పడం వారి ఇష్టం, దానికి తొందర లేదు.